సెకండ్ హ్యాండ్ అల్లాయ్ వీల్స్ ఎలా చూసి కొన్నాను: నా అనుభవం

నా కారుకి కంపెనీ ఇచ్చినవి ఇనుప చక్రాలు. అల్లాయ్ వీల్స్ వేయించాలని ఎప్పటి నుంచో కోరిక, కొత్తవి కొనే స్తోమత లేదు. సెకండ్ హ్యాండ్‌లో మంచివే దొరుకుతాయి. కానీ ఇంటిల్లిపాదీ ఎక్కే కారు కదా, అందం చూసి తెచ్చేయడానికి మనసొప్పలేదు. ముందు కొలతలు తెలుసుకుని, ఆ తర్వాతే బేరానికి వెళ్లాను.

నా పాత చక్రం 6జె వెడల్పు, అంటే ఆరు అంగుళాలు. ఆఫ్‌సెట్ 45, అంటే చక్రం వెడల్పు మధ్య గీత కన్నా, హబ్‌కి (కారు వైపు చక్రం బిగించే మధ్య భాగం) ఆనే ముఖం 45 మిల్లీమీటర్లు బయటివైపు ఉంది. నాలుగు బోల్టులు, పీసీడీ 100, మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. పీసీడీ అంటే బోల్టుల కేంద్రాల మీదుగా పోయే వృత్తం వ్యాసం. ఇందులో సర్దుకుపోవడం కుదరదు. అయిదు బోల్టుల చక్రాల్లో 112, 114.3 కంటికి ఒకేలా కనిపిస్తాయి. బలవంతంగా బిగిస్తే పట్టినట్టే ఉంటుంది గానీ బోల్టుల మీద పక్కబలం పడి, నడుస్తుండగా విరిగే ప్రమాదం ఉంది.

నాకు నచ్చిన సైజు 7జె, ఆఫ్‌సెట్ 35. లెక్క వేసి చూస్తే చక్రం బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, లోపలి అంచు 2.7 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది. కారు దగ్గర కూర్చుని ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) వైపు, సస్పెన్షన్ వైపు స్కేలు పెట్టి కొలిచాను. ఖాళీ సరిపోయింది.

మొదట చూసిన సెట్ అద్దంలా మెరుస్తోంది. నిజం చెప్పాలంటే ఆ మెరుపే నాకు అనుమానం తెప్పించింది. పాత చక్రానికి కొత్త పెయింట్ వేశారంటే కింద ఏముందో కనబడదు. తిరగేసి టార్చ్ వేశాను. లోపలి అంచు దగ్గర ఒకచోట పెయింట్ కింద గట్టులా చేతికి తగిలింది, వెల్డింగ్ చేసిన గుర్తు. "చిన్న పగులేనండీ, అతికించాం, గాలి కూడా దిగట్లేదు" అన్నాడు అమ్మే ఆయన. గాలి దిగకపోవడం ఒకటి, బలం ఉండటం ఇంకొకటి. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది, పగులు మళ్లీ అక్కడే మొదలవ్వచ్చు. వద్దని చెప్పి వచ్చేశాను.

తర్వాత చూసిన వాటికి ముందువైపు గీతలు బాగానే ఉన్నాయి. పేవ్‌మెంట్‌కి రాసుకున్న గీతలు పైపైవే అయితే భయం లేదు. అసలు చూడాల్సింది వెనకవైపు. గుంతల దెబ్బ ఎక్కువగా లోపలి అంచుకే తగులుతుంది, ఎందుకంటే స్పోక్స్ ఆసరా ఉండేది బయటివైపు. టైర్లు విప్పించమని అడిగాను. ఆయన కాస్త విసుక్కున్నా ఒప్పుకున్నాడు. ఇక్కడ మొహమాటపడకూడదు, టైర్ ఉండగా అంచు లోపలిభాగం సగం దాగిపోతుంది. బ్రేక్ దుమ్ము తుడిచి, స్పోక్స్ రిమ్‌ని కలిసే మూలలు, బోల్టు రంధ్రాల చుట్టూ, అంచు పొడవునా వేలితో తడుముతూ వెళ్లాను. పగుళ్లు లేవు. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ఉత్త రిమ్ తిప్పించి, అంచు దగ్గర ఒక పుల్లని కదలకుండా పట్టుకున్నాను. మూడింటిలో ఖాళీ ఒకేలా ఉంది. ఒకదాంట్లో ఒక్కచోట కొంచెం ఎగిరింది. స్వల్పమైన వంపు, పగులు లేదు, నిపుణుడి దగ్గర సరిచేయించుకునేంతే. దాని పేరు చెప్పి ధర తగ్గించమన్నాను, తగ్గించాడు.

వెనక ముద్రలు కూడా చదివాను. లోడ్ రేటింగ్, అంటే ఒక్కో చక్రం మోయగల బరువు, కేజీల్లో ఉంటుంది. కారు తలుపు దగ్గరి ప్లేట్ మీద వెనక యాక్సిల్ గరిష్ఠ బరువు ఉంది, అందులో సగం కన్నా ఇది ఎక్కువే ఉంది. జేడబ్ల్యూఎల్ అనే జపాన్ ప్రమాణం ముద్ర కూడా కనబడింది. అయితే నకిలీ చక్రాల మీదా ముద్రలు కొడతారు, కాబట్టి ముద్ర చూసి తనిఖీ మానలేదు. టైర్ల పక్కన ఉండే తయారీ కోడ్ చూస్తే చివరి నాలుగు అంకెలు 2214, అంటే 2014లో 22వ వారం. గ్రూవులు లోతుగానే ఉన్నా రబ్బరు పాతబడిపోయింది. వాటికి విలువ కట్టకుండా రిమ్‌లకే బేరం చేశాను.

బిగించే రోజు రెండు పనులు అవసరమయ్యాయి. వీటి మధ్య రంధ్రం 73.1, కారు హబ్ 54.1. ఆ తేడాకి సరిపడే హబ్ రింగులు వేయించాను. అవి లేకపోతే చక్రం మధ్యలో సరిగ్గా కూర్చోక స్టీరింగ్ వణకొచ్చు. రెండోది నట్లు. పాత నట్ల ఆనే భాగం గుండ్రం, ఈ రిమ్‌లకి కావాల్సింది 60 డిగ్రీల శంఖాకారం. మారిస్తేనే పట్టు.

టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో), కారు మాన్యువల్లో ఉన్న అంకెకి, ఎదురెదురు నట్లు వరసగా బిగించాం. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ పెడితే ఒక నట్ కొంచెం కదిలింది, బిగించేశాను. హైవే వేగంలోనూ స్టీరింగ్ వణకలేదు. వంపు సరిచేయించిన చక్రాన్ని వెనకకే వేయించుకున్నాను, దాని గాలి మాత్రం మిగతావాటికన్నా తరచుగా చూస్తున్నాను.