పాఠంలో నాటకం: ముందు మాష్టార్లు ఆడాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు బడుల్లో ప్రాథమిక తరగతుల టీచర్లకు నాటక శిక్షణంటే ఉపన్యాసాలు కాదు, వాళ్లే ముందు ఆడి చూడాలి.

మొదట నేర్పాల్సింది ఆగడం. మూడు చప్పట్లు వినగానే ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడాలి. ఇది అలవాటు కాకుండా ఆట మొదలెడితే గోల ఆపలేక టీచరు మళ్లీ బల్లల దగ్గరకే పంపేస్తారు.

తర్వాత ఐదుగురేసి జట్లు. నీరు ఆవిరై, మబ్బై, వానై కురవడాన్ని మూడు కదలని దృశ్యాలుగా చూపాలి. తయారీకి 4 నిమిషాలు, చూపడానికి ఒక్కటి. చూసేవాళ్లకూ పనుండాలి: "మబ్బు ఎవరు? ఎలా తెలిసింది?" పాఠం ఎంత ఎక్కిందో ఆ జవాబుల్లోనే బయటపడుతుంది.

మాటలు ఆ తర్వాతే. ఇంట్లో ఒడియానో, అక్కడి గిరిజన భాష సవరో మాట్లాడే పిల్లలకు పుస్తకపు తెలుగు సంభాషణలిస్తే అప్పజెబుతారు, నటించరు. ముందు మూగగా, తర్వాత ఇంటి మాటల్లో, ఆపైన తెలుగులో చేయించాలి. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిన ప్రాంతమిది!

సాంఘికశాస్త్రానికి బుర్రకథ చక్కగా సరిపోతుంది. కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు. పిల్లల సందేహాలన్నీ వంతల నోట అడిగించొచ్చు. చురుకైన పిల్లకే ఎప్పుడూ కథకుడి పాత్ర ఇవ్వడం అన్నిచోట్లా జరిగే పొరపాటు. వారం వారం మార్చండి.