రైలెక్కితే రైలు కనపడదు

డార్జిలింగ్ వెళ్దామన్నది మా ఆవిడే. సూర్యోదయం, టీ తోటలు, చలి, ఇవీ ఆమె లెక్కలు. నేను వెంటనే సరేనన్నది మాత్రం అక్కడి రెండడుగుల పట్టాల మీద ఇంకా బొగ్గుతో నడిచే నీలం ఇంజిన్ల కోసం. ఆ సంగతి పైకి చెప్పలేదు. కానీ బ్యాగులో మూడు లెన్సులు చూడగానే మా అత్తయ్యకి అర్థమైపోయింది.

మొదటిరోజు అందరం జాయ్‌రైడ్ ఎక్కాం. డార్జిలింగ్ నుంచి ఘుమ్ దాకా వెళ్లి తిరిగి రావడం. దారిలో బతాసియా లూప్ దగ్గర కాసేపు ఆపారు. ఏటవాలు తగ్గించడానికి 1919లో వేసిన చుట్టు అది. అక్కణ్ణుంచి కనపడాల్సిన కాంచన్‌జంగ మబ్బుల్లో ఉంది. కిటికీలోంచి డెబ్బై ఫోటోలు తీశాను. రాత్రి చూసుకుంటే అన్నింట్లోనూ పక్క పెట్టె కిటికీలు, ఎవరివో మోచేతులు. తిరుగు ప్రయాణంలో తీసినవైతే మరీ చప్పగా ఉన్నాయి. 2,258 మీటర్ల ఎత్తున్న ఘుమ్ నుంచి డార్జిలింగ్‌కి అంతా దిగుడే కదా, ఇంజిన్‌కి కష్టమేముంది? కష్టం లేకపోతే పొగా లేదు.

రెండోరోజు వాళ్లని జూకి పంపించి నేను హిల్ కార్ట్ రోడ్డు పట్టుకున్నాను. పదకొండేళ్ల మా అమ్మాయి నాతోనే వస్తానంది. ఆ లైను చాలా దూరం రోడ్డు పక్కనే పోతుంది, మధ్యమధ్య రోడ్డునే దాటుతుంది. ఎక్కుడు మొదలయ్యే ఒక మలుపులో నిలబడ్డాం. రైలు వచ్చింది, గాలి మా వైపు కొట్టింది, ఫ్రేమంతా తెల్లగా అయిపోయింది. పిల్ల దగ్గుతూ, "నాన్నా, అటు నిలబడాల్సింది" అంది. నిజమే. ముందు చూసుకోవాల్సింది గాలిని, తర్వాతే వెలుతురుని.

తర్వాతి రైలుకి ఎదురు వైపు చేరాం. నిజానికి ఆవిరి కంటికి కనపడదు, చల్లగాలికి చిన్న చిన్న నీటి బొట్లుగా మారాకే తెల్లగా కనిపిస్తుంది. అందుకే ఆ చలికి అంత దట్టంగా లేచింది. వెనక నుంచి ఎండ పడితే అది వెలిగిపోతుంది కూడా. తెలుపులో వివరం పోకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుతురు సగానికి, తగ్గించాను. ఇంజిన్ కాస్త నల్లబడ్డా ఫర్వాలేదు, దాన్ని తర్వాత సరిచేసుకోవచ్చు. తెల్లగా కాలిపోయిన పొగని ఎవరూ బాగుచేయలేరు.

అప్పుడు చూశాను వాళ్లని. ఇంజిన్ ముందుభాగాన బఫర్ దగ్గర ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఈ బి క్లాస్ ఇంజిన్‌కి ఉన్నవి నాలుగే చక్రాలు. నీళ్లూ బొగ్గూ తన మీదే మోసుకుంటుంది కాబట్టి ఆ బరువంతా చక్రాల మీదే పడుతుంది. అయినా తడి పట్టాల మీద జారుతుంది. మా ముందుకు రాగానే జారింది కూడా. నిదానంగా వస్తున్న చప్పుడు ఒక్కసారిగా గబగబా తొందరపడింది, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఆ ఇద్దరూ ఏమీ కంగారు పడలేదు. వంగి, గుప్పిట్లోంచి పట్టాల మీద ఇసుక వదిలారు. చక్రం పట్టుకుంది, బండి కదిలింది. దారి తప్పిన ఆవుని పక్కకి తోలినంత మామూలుగా ఉంది వాళ్ల వాలకం.

నేను ఇంజిన్ మొత్తం పట్టేలా కాచుకున్న ఫ్రేము వదిలేసి ఆ చెయ్యి మీదకి జూమ్ చేశాను. షటర్ 1/60 సెకనులో, అంటే కదిలేవాటికి నిదానంగా, ఉందని గుర్తులేదు. చెయ్యి కొంచెం చెదిరింది, రాలుతున్న ఇసుక సన్నటి గీతలా వచ్చింది.

హోటల్‌కి వెళ్లేసరికి, "ఏమండీ, పిల్ల మొహం చూశారా అసలు?" అంది మా ఆవిడ. ముక్కు చుట్టూ మసి. నేను తడిగుడ్డ వెతికే సాకుతో తప్పించుకున్నాను. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని కెమెరా తెర దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశారు.

"బాగానే ఉంది గానీ అల్లుడుగారూ, ఇంజిన్ ఏదీ?" అన్నారు.