మధ్యాహ్నం యూనిట్టు వేరు, సాయంత్రం ఏడింటి యూనిట్టు వేరు

దేశంలో కరెంటు కెపాసిటీలో సగం ఇప్పుడు బొగ్గు, గ్యాస్ లేకుండానే వస్తోందని, 2030కి పెట్టుకున్న టార్గెట్ 2025 జూన్‌కే కొట్టేశామని అందరూ షేర్ చేశారు కదా. అది నిజమే, కానీ కెపాసిటీ అంటే ప్లాంటు గేటు దగ్గర బోర్డు మీద రాసే అంకె. ఏడాది మొత్తం మీద అసలు ఎన్ని యూనిట్లు తయారయ్యాయి అని లెక్కేస్తే ఇప్పటికీ డెబ్బై శాతం దాకా బొగ్గుదే, ఎందుకంటే సోలార్ ప్లాంటు పొద్దున నెమ్మదిగా లేచి మధ్యాహ్నం దంచి కొట్టి, మనందరం ఇంటికొచ్చి లైట్లు, ఏసీలు వేసుకునే టైముకి పడుకుంటుంది.

సీజన్‌లో పత్తికొండ మార్కెట్‌కి టమాటా అంతా ఒకేసారి వచ్చి పడితే ఏమవుతుందో మధ్యాహ్నం కరెంటుకీ ఇప్పుడు అదే అవుతోంది. 2025 మే 25, ఆదివారం, ఆఫీసులూ లేవు, వానలకి వేడి కూడా తగ్గింది, కరెంటు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజ్‌లో రియల్ టైమ్ మార్కెట్ (అప్పటికప్పుడు కొనే కరెంటు) రేటు కొన్ని గంటలపాటు సున్నాకి పడిపోయింది. అదే ఎక్స్ఛేంజ్‌లో ఎండాకాలం సాయంత్రాలు యూనిట్టు పది రూపాయల సీలింగ్‌ని, అంటే అంతకి మించి పోకూడదన్న హద్దుని, తాకిన రోజులు బోలెడు. గ్రిడ్ వాళ్లు రోజుని పదిహేను నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా చూస్తారు, మన పాలసీలు మాత్రం ఇంకా మెగావాట్లలోనే మాట్లాడతాయి. నా గోల అంతా ఇదే.

ఏపీలో జరిగిన పీపీఏల (కరెంటు కొనుగోలు ఒప్పందాల) గొడవ గుర్తుందా? 2015 నవంబర్‌లో కర్నూలు సోలార్ పార్కు బిడ్డింగులో యూనిట్టు 4.63కి వస్తే అబ్బో ఎంత చవక అన్నారు. 2017 ఏప్రిల్‌లో కడపలో 3.15. ఆ మరుసటి నెలే రాజస్థాన్ భడ్లాలో 2.44. దీంతో పాత రేట్లకి సంతకం పెట్టిన డిస్కంలకి (మన ఇళ్లకి కరెంటు ఇచ్చి బిల్లు వసూలు చేసే కంపెనీలకి) కడుపు మండింది, 2019 జూలైలో కొత్త ప్రభుత్వం రేట్లు మళ్లీ బేరమాడతామని కమిటీ వేసింది, సోలార్‌కి 2.44, విండ్‌కి 2.43 ఇస్తామంది, కంపెనీలు హైకోర్టుకెళ్లాయి, చివరికి 2022 మార్చిలో కోర్టు ఒప్పందంలో ఏముందో అదే కట్టండి అని చెప్పింది. మధ్యలో ఏళ్ల తరబడి బకాయిలు, బ్యాంకులు భయపడిపోవడం అదనం. డిస్కంల బాధ అబద్ధం కాదు, పాతికేళ్ల ఒప్పందం అంటే ఒక తరం మొత్తం కట్టాలి. కానీ నాకు విచిత్రంగా అనిపించేది ఏంటంటే ఆ కొట్లాట మొత్తం యూనిట్టు ఎంత అన్న దాని మీదే నడిచింది, ఏ గంటకి ఇచ్చే యూనిట్టు అని అడిగినవాళ్లు చాలా తక్కువ. మధ్యాహ్నం పన్నెండుకి 2.44 కూడా ఎక్కువే కావచ్చు, సాయంత్రం ఏడున్నరకి 4.63 అంటే ఎగిరి గంతేసి తీసుకోవాలి.

ఇక మన బోరు మోటార్ల సంగతి. ఇది రాయకుండా తెలుగు రాష్ట్రాల్లో కరెంటు గురించి రాయడం అనవసరం. 2004 మేలో వైఎస్ ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు, దానికి నాలుగేళ్ల ముందు 2000 ఆగస్టులో ఛార్జీల పెంపు మీద ఉద్యమం చేస్తే బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు, అప్పట్నించీ ఏ నాయకుడికైనా కరెంటు ఛార్జీ అంటే వణుకే. ఆ ఫ్రీ కరెంటు ఏడు గంటలు, అదీ రెండు విడతలుగా, ఒక విడత అర్ధరాత్రి. టార్చి పట్టుకుని చేను గట్ల మీద పోయి పాము కరిచో, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టో పోయినవాళ్లు ప్రతి మండలంలో ఉంటారు. రాత్రి ఎందుకిచ్చేవాళ్లంటే అప్పట్లో రాత్రిపూట బొగ్గు ప్లాంట్ల కరెంటు మిగిలేది కాబట్టి. ఇప్పుడు లెక్క తిరగబడింది, మిగిలేది పగలు. అంటే రైతుకి ఏది మేలో గ్రిడ్‌కీ అదే మేలు, ఇలా రెండూ కలిసిరావడం చాలా అరుదు.

ఏపీలో వ్యవసాయ ఫీడర్లు (మోటార్లకి కరెంటు ఇచ్చే లైన్లు) వేరు చేసి పగలే తొమ్మిది గంటలు ఇస్తామన్నది నా దృష్టిలో మన దగ్గర జరిగిన మంచి పనుల్లో ఒకటి, ఏ పార్టీకి క్రెడిట్ వెళ్తుందో నాకు అనవసరం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇచ్చారు, చెప్పుకోడానికి బావుంది, కానీ ఆటో స్టార్టర్ పెట్టుకున్న మోటారు నీళ్లు అవసరం ఉన్నా లేకపోయినా కరెంటు ఉన్నంతసేపూ తోడుతూనే ఉంటుంది, ఆటో స్టార్టర్లు తీసేయండి బాబూ అని ప్రభుత్వమే రైతుల్ని బతిమాలాల్సి వచ్చింది. 25 లక్షలకి పైగా మోటార్లున్న రాష్ట్రంలో అవన్నీ ఎండ ఉన్నప్పుడే నడిస్తే, పగటి కరెంటు సాయంత్రానికి దాచే బ్యాటరీల మీద పెట్టే ఖర్చు ఎంత మిగులుతుందో ఎవరైనా సీరియస్‌గా లెక్క కట్టాలి. మీటర్లు పెడదామంటే అదో రాజకీయం, మీటరొస్తే రేపు బిల్లు కూడా వస్తుందని రైతు అనుమానం, ఆ అనుమానం తప్పని ఖచ్చితంగా చెప్పగలిగినవాళ్లు కూడా ఎవరూ లేరు. మీటర్ లేకుండా ఎంత వాడారో తెలీదు కాబట్టి డిస్కం నష్టాల్లో కొంత అటు తోసేస్తుందనే ఆరోపణ ఎప్పట్నించో ఉంది.

సరే, పగటి కరెంటు దాచుకోవడం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ గురించి వినే ఉంటారు, గోరకల్లు రిజర్వాయర్ నుంచి నీళ్లు తెచ్చి నింపి, పగలు పైనున్న చెరువులోకి ఎక్కించి సాయంత్రం కిందికి వదలడం. పెట్టిన కరెంటులో నూటికి డెబ్బై అయిదో ఎనభయ్యో తిరిగొస్తాయి. శ్రీశైలం ఎడమ గట్టు పవర్‌హౌస్‌లో కూడా వెనక్కి తోడే మెషీన్లు ఎప్పట్నించో ఉన్నాయి, 150 మెగావాట్లవి ఆరు, కానీ అక్కడ ప్రతి టీఎంసీ మీదా రెండు రాష్ట్రాల పంచాయితీ, 2021లో అయితే డ్యాముల దగ్గర పోలీసుల్ని మోహరించారు. ఇక అల్లూరి జిల్లా ఏజెన్సీలో ఎర్రవరం, పెదకోట లాంటి చోట్ల ఇవే ప్రాజెక్టులంటే గిరిజనులు వద్దంటున్నారు. గ్రీన్ ఎనర్జీ అనగానే వాళ్ల కొండ, వాళ్ల నీళ్లు అడక్కుండా తీసుకోవచ్చని ఎవరు చెప్పారు?

నన్నడిగితే బ్యాటరీలే ముందుకెళ్లేలా ఉన్నాయి. 2022లో సెకీ (కేంద్రం సోలార్ సంస్థ) టెండర్‌లో బ్యాటరీ అద్దె మెగావాట్‌కి నెలకి 10.83 లక్షలు పలికింది, 2025 కల్లా రెండున్నర లక్షల లోపుకి వచ్చేసింది. అయితే సెల్స్ ఎక్కువగా చైనావే, అదో తలనొప్పి. లిథియం బదులు ఉప్పులో ఉండే సోడియంతో చేసే సోడియం అయాన్ బ్యాటరీల మీద హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ లాంటి చోట్ల రీసెర్చ్ నడుస్తోంది, ఉప్పుకి మనకి కరువు లేదు కానీ ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీ దాకా రావడమే మన దగ్గర ఎప్పుడూ ఆగిపోయే చోటు.

ఇళ్ల పైన సోలార్ సంగతి కూడా చెప్పాలి, పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ, పెట్టుకోగలిగినవాళ్లు పెట్టుకోండి. కాకపోతే డాబా ఉండి, పై స్లాబులో బిల్లు కట్టేవాళ్లే ముందు పెట్టుకుంటారు, అంటే డిస్కంకి డబ్బులిచ్చే కస్టమర్లే పగలు కరెంటు అమ్మి సాయంత్రం అంతే కరెంటు వెనక్కి అడుగుతారు, నెట్ మీటరింగ్ రెండిటినీ సమానంగా చూస్తుంది. ఆ తేడా అద్దింట్లో ఉండేవాడి ట్రూ-అప్ ఛార్జీల్లోకి (డిస్కం తనకి ఎక్కువైన ఖర్చుని తర్వాత బిల్లులో కలిపి వసూలు చేసేది) ఎంత వస్తుందో ఎవరూ విడిగా చూపించట్లేదు.

కేంద్రం 2023లో రూల్ మార్చింది, స్మార్ట్ మీటర్ ఉంటే ఎండ ఉన్న గంటల్లో కనీసం 20 శాతం తక్కువ రేటు, పీక్‌లో, అంటే వాడకం బాగా ఎక్కువుండే గంటల్లో, ఎక్కువ రేటు, పెద్ద వ్యాపారాలకీ పరిశ్రమలకీ 2024 ఏప్రిల్ నుంచి, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ నుంచి అని. మా బిల్లులో ఇంకా పాత స్లాబులే. వాషింగ్ మెషీన్ మధ్యాహ్నం తిప్పుకోగలిగినవాళ్లకి ఇది లాభమే, పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే వాచ్‌మన్, సేల్స్‌గర్ల్ ఇంట్లో వాడకమంతా పీక్‌లోనే కదా, వాళ్లకి తక్కువ స్లాబుల్లో పీక్ రేటు మినహాయిస్తారా లేదా అన్నది ముందే తేల్చాలి. టారిఫ్ ఖరారు చేసే ముందు ఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) ఏటా బహిరంగ విచారణ పెడుతుంది, అభ్యంతరాలు ఎవరైనా రాసి పంపొచ్చు, లాయరే అక్కర్లేదు. ఈసారి నేను ఈ ఒక్క ప్రశ్నే రాసి పంపుతున్నా, మీకింకేమైనా ఉంటే మీరూ పంపండి.