తోట గట్టు దగ్గర ఆగే చట్టం

బంగారుపాళ్యం దగ్గర మా మామిడి తోటలో తోతాపురి, బేనీషా కలిపి 80 చెట్లు ఉన్నాయి. నాలుగేళ్లుగా పూత మొదలైన నాటి నుంచి చివరి కోత వరకు ప్రతి పిచికారీనీ ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. తేదీ, మందు పేరు, డబ్బా మీది బ్యాచ్ నంబరు, లీటరు నీటికి కలిపిన మోతాదు, ఏయే వరుసలకు కొట్టామో, కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగామో, అన్నీ అందులో ఉంటాయి. తేనె మంచు పురుగుకు మందు కొట్టిన ఒక రోజున పుస్తకం తడిసి, ఒక పేజీలో సిరా అలుక్కుపోయింది. ఆ పేజీని తిరగరాయలేదు. తనిఖీకి వచ్చేవారు శుభ్రమైన పేజీలకంటే అలాంటి వాటినే ఎక్కువ నమ్ముతారని నా ఉద్దేశం.

నిజానికి తనిఖీకి ఇంతవరకు ఎవరూ రాలేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 18వ సెక్షన్, రైతుకు గానీ పొలం పనులకు గానీ పొలంలో రైతు పండించిన పంటకు గానీ ఆ చట్టం వర్తించదని స్పష్టంగా చెబుతోంది. రెండెకరాల రైతు మీదికి ఇన్‌స్పెక్టర్లను పంపకూడదన్న ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. అయితే తప్పు చేసినవాణ్ణి పొలంలో అడిగేవారు లేనట్టే, ఒప్పు చేసినవాణ్ణి గుర్తించేవారూ లేకుండా పోయారు.

గుర్తింపు అసలే లేదని కాదు. ఎగుమతి చేయదలిస్తే, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అపెడా వారి మ్యాంగోనెట్‌లో తోటను నమోదు చేసుకోవచ్చు. సేంద్రియ సేద్యమైతే పీజీఎస్ అనే పరస్పర హామీ పద్ధతి ఉంది. కనీసం ఐదుగురు రైతులు జట్టుగా ఏర్పడి ఒకరి పొలాన్ని మరొకరు పరిశీలించుకుంటారు, ఆ ధ్రువీకరణను 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనలు అంగీకరించాయి. మందు వాడుతూనే మోతాదు మీరకుండా, గడువు పాటిస్తూ పండించే నాలాంటివారి కోసం భారత నాణ్యతా మండలి రూపొందించిన ఇండ్‌గ్యాప్ అనే మంచి సాగు పద్ధతుల ధ్రువీకరణ ఉంది. అది స్వచ్ఛందం. మండీలో మాత్రం దాని పేరు ఎత్తినవారిని నేను చూడలేదు. నిరుడు పుస్తకం చూపించబోతే కాటా దగ్గర కూర్చున్న ఆయన, "ఏం సామీ, కాయ చూపిస్తే చాలు, లెక్కలు మాకెందుకు?" అన్నారు. ఆయన దృష్టిలో అది న్యాయమే. తొడిమ దగ్గర సొన మరక ఉంటే ధర తగ్గుతుంది, మందు అవశేషం కంటికి కనిపించదు కదా.

2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించింది. ఆ సాయం అవసరమైనదే. కానీ పుస్తకం రాసిన తోట కాయకూ రాయని తోట కాయకూ అందులో తేడా లేదు.

కెనడాలో ఈ పని మరో విధంగా నడుస్తుంది. అక్కడ జాతీయ స్థాయి రైతు సంఘాలే తమ ఉత్పత్తికి తగిన ఆహార భద్రతా కార్యక్రమాన్ని రూపొందించుకుంటాయి. కలుషితమయ్యే అవకాశం ఏ దశలో ఉందో ముందే గుర్తించి అక్కడే అదుపు చేసే హెచ్‌ఏసీసీపీ సూత్రాలకు అది సరిపోతోందా లేదా అని ప్రభుత్వ ఆహార తనిఖీ సంస్థ పరిశీలించి ఆ కార్యక్రమానికి గుర్తింపు ఇస్తుంది. కోళ్ల రైతుల సంఘం 2013లో అలా పూర్తి గుర్తింపు పొందింది. ప్రభుత్వం ఒక్కొక్క పొలం గట్టు ఎక్కనక్కరలేదు, రైతులు రాసుకున్న పద్ధతికి ముద్ర వేస్తే సరిపోతుంది. మన మామిడి రైతులకు నప్పేది ఇదేనని నాకు తోస్తుంది.

తోట దాటాక జరిగేది వేరే కథ. కాల్షియం కార్బైడుతో కాయలు మాగబెట్టడాన్ని 2011 నిబంధనలు నిషేధించాయి, ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల పాళ్లకు 100 పాళ్లు) వరకు అనుమతిస్తారు. గడువు పాటించి కోసిన కాయ పక్కన ఎవరైనా కార్బైడు పొట్లం పెడితే నా పుస్తకం ఏం చేయగలదు?

వచ్చే పూత నుంచి చుట్టుపక్కల తోటల ముగ్గురం ఒకరి పుస్తకాన్ని ఒకరు చూసి సంతకం చేయాలని అనుకున్నాం. మొన్న ఆదివారం తొలిసారి కూర్చున్నాం. పక్క తోట పెద్దాయన నా పుస్తకం తిరగేస్తూ తడిసిన పేజీ దగ్గర ఆగి, మోతాదు అంకె కనిపించడం లేదు కాబట్టి ఆ పేజీకి సంతకం చేయనన్నారు.