రచయిత పేరు లేని పాట

ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్న నేను, 1948లో మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారాలను ఈ ఉదయం ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో విన్నాను. మీడియం వేవ్ సరిగా అందని చోటికి ఇంటర్నెట్ ఆ గొంతును చేర్చినందుకు మనసు నిండిపోయింది. పాటకు ముందు అనౌన్సర్ చిత్రం పేరు, రచయిత, సంగీత దర్శకుడు, గాయని పేర్లు తీరిగ్గా చదివారు. తర్వాత అదే పాటను ఒక స్ట్రీమింగ్ యాప్‌లో తెరిస్తే పోస్టరు, గాయని పేరు కనిపించాయి గానీ, రాసినవారి పేరు ఎంత వెతికినా దొరకలేదు. 2012 కాపీరైట్ సవరణ చట్టం సినీ గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ హక్కును ఖాయం చేసింది. ఆన్‌లైన్‌లో పాట వినిపించినప్పుడల్లా ఆ వాటా అసలు హక్కుదారుకు చేరాలంటే, పాటతోపాటు అప్‌లోడ్ చేసే వివరాల్లో ఆ పేరు తప్పుల్లేకుండా ఉండాలి. క్యాసెట్ అట్ట మీద చోటు చాలలేదనుకోవచ్చు, ఫోన్‌లో ఆ ఇబ్బంది ఏముంది? పాత పాటల హక్కులున్న సంస్థలు ముందుగా ఈ పని చేపట్టాలి.