సొరుగు తిరగేసి చూసినందుకు

అద్దాల తలుపుల పాత టేకు బీరువా మా ఇంట్లో గోడకు చేరింది, నాన్నగారి పుస్తకాలు అందులోకి ఎక్కాయి. కొనాలనుకున్న వస్తువు దొరికిన సంతోషం ఉన్నా, దానికోసం వెతికే దారిలో బరంపురంలో ఒక పాత సామాన్ల దుకాణంలో నాకు జరిగిన మర్యాద మాత్రం ఇంకా మింగుడు పడలేదు. ఆ కోపం చల్లారకముందే రాస్తే, పాత బీరువాలు, అరలు కొనాలనుకునే మన వాళ్ళకు కొంత ఉపయోగం ఉంటుందని ఈ అనుభవం రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. నేను లెక్కల టీచరుగా పని చేసి రిటైరయ్యాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లోకి నీళ్ళు వచ్చి, నేల మీద రేకు పెట్టెల్లో ఉన్న పుస్తకాలు అడుగు వరుసంతా నానిపోయాయి. కాబట్టి నాకు కావలసింది నేలకు ఆనకుండా కాళ్ళ మీద నిలిచేది, గాలి ఆడేది, దుమ్ము పడకుండా అద్దాలున్నది అయిన బీరువా. ఇనుప బీరువా మా ఇంట్లో ఒకటి ఉంది. గోద్రేజ్ వాళ్ళు 1923లో ఇనుప బీరువాలు మొదలుపెట్టిన తరువాత క్రమంగా చెక్క బీరువాలు పెరటి కొట్లలోకి పోయాయి. అక్కడ వాటిలో విత్తనాలు, పాత సైకిలు టైర్లు పెట్టుకున్న ఇళ్ళు నేను ఎన్నో చూశాను. మంచి టేకును అలా పాడుచేసిన వాళ్ళే ఇప్పుడు కొత్త ఇళ్ళలో అందం కోసం పాత చెక్క కావాలని పట్నాల్లో తిరుగుతున్నారు.

గోడ కొలత, వాకిలి వెడల్పు, మెట్ల మలుపు టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోవడం ఒక పూట పని. చెక్క విషయంలోనూ తర్జనభర్జన లేదు. చేవ ఉన్న టేకును చెద అంత తొందరగా ముట్టదు, తీరప్రాంతపు తేమకు పెద్దగా వంకర పోదు. అరల విషయంలో మాత్రం లెక్క వేసుకున్నాను. అడుగు పొడవుకు పడే పుస్తకాల బరువు అంతే ఉన్నా, అర పొడవు రెట్టింపయితే నడుమ కుంగు 16 రెట్లు అవుతుంది, పలక మందం రెట్టింపు చేస్తే 8వ వంతుకు తగ్గుతుంది. అందువల్ల మూడడుగులకు మించి నడుమ ఆధారం లేని అర ఎంత అందంగా ఉన్నా పుస్తకాలకు పనికిరాదని ముందే తీర్మానించుకున్నాను. చీరలు పెట్టుకునేవాళ్ళకు ఈ బాధ లేదు.

బరంపురం దుకాణానికి నాతో మా మరిది వచ్చాడు. దుకాణదారు మొదట ఎంతో మర్యాదగా కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఒక పెద్ద బీరువా చూపించి, అది 1890ల నాటిదనీ, మా పర్లాకిమిడి కోటలోంచి వచ్చిందనీ చెప్పాడు. ఈ ప్రాంతంలో పాత చెక్క అమ్మే ప్రతివాడూ కోట పేరే చెబుతాడు. కోటలోంచి వచ్చాయని అమ్ముడుపోయిన బీరువాలన్నిటినీ తిరిగి తెచ్చి పెట్టాలంటే, చిషోమ్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ రూపకల్పన చేసిన ఆ కోట భవనం మీద ఇంకో రెండు అంతస్తులు వేయవలసి వస్తుంది. నేను ఆ మాట పైకి అనలేదు. బీరువా కింది భాగంలో ఉన్న సొరుగు బయటికి లాగి తిరగేసి చూస్తానని మాత్రం అడిగాను.

ఎందుకు అడిగానో చెప్పాలి. బీరువా ముందుభాగం ఎవరైనా మెరిపిస్తారు. అసలు వయసు తెలిసేది పాలిష్ ఎప్పుడూ తగలని చోట్ల, అంటే సొరుగు అడుగున, వెనుక పలకల మీద, అరల కింది వైపున. నిజంగా ఏళ్ళ తరబడి వాడిన సొరుగు పక్క అంచులు జారే చోట అరిగి ఉంటాయి. చేత్తో చిత్రిక పట్టిన చెక్క మీద వేళ్ళతో నిమిరితే సన్నని ఎత్తుపల్లాలు తగులుతాయి, రంగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. చెక్క పొడవునా దాదాపు కుంచించుకోదు కానీ అడ్డంగా కుంచించుకుంటుంది కాబట్టి, లేత్ మీద తిప్పి గుండ్రంగా తీసిన పాత కాలును రెండు దిక్కులా కొలిస్తే కొద్ది తేడా కనిపించవచ్చు. ఈ చూపుకు డబ్బు ఖర్చు లేదు, వస్తువుకు నష్టం లేదు.

అతడు సొరుగు మీద చెయ్యి వేసి, "టీచరమ్మా, మీరు బీరువా కొంటారా, సొరుగు అడుగు కొంటారా?" అన్నాడు. భువనేశ్వర్ నుంచి వచ్చిన ఒక కుటుంబం అక్కడే కుర్చీలు చూస్తోంది. వాళ్ళకు అర్థమయ్యేలా ఆ మాటను ఒడియాలో కూడా చెప్పాడు. అందరూ నవ్వారు. నా ముఖం ఎర్రబడి ఉంటుంది. వెనుక భాగం చూడాలంటే ముందు అయిదు వేలు బయానా ఇవ్వాలట, ఇస్తే కుర్రాళ్ళచేత గోడ నుంచి జరిపిస్తాడట. చూడకముందే బయానా ఇచ్చే వ్యాపారం ఎక్కడ ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత లెక్కలు సరిచూపించిన మనిషిని, నా లెక్క నన్ను సరిచూసుకోనివ్వకపోతే ఎలా ఊరుకుంటాను?

జరపకుండానే కనిపించే చోటు ఒకటుంది, తలుపు బందులు. తలుపు తెరిచి చూశాను. బందులన్నీ స్టార్ స్క్రూలతో బిగించి ఉన్నాయి. ఆ ప్లస్ గుర్తు స్క్రూకు ఫిలిప్స్ అనే అమెరికా వ్యాపారికి పేటెంట్లు వచ్చింది 1936లో, అంటే మన ఒడిశా రాష్ట్రం ఏర్పడిన ఏడాదే. 1890ల బీరువాలో అవి ఎలా వచ్చాయని అడిగాను. మరమ్మతులో మార్చామన్నాడు. మారిస్తే తప్పు లేదు, పాత వస్తువుకు మరమ్మతు సహజమే. కానీ పాత బందులు తీసినప్పుడు వాటి స్క్రూల రంధ్రాలు ఉండాలి, లేదా వాటిని పూడ్చిన చెక్క బిరడాలు కనిపించాలి. ఇక్కడ బందు కూర్చున్న గాడి సరిగ్గా దాని కొలతకే ఉంది, పక్కన గీత కూడా లేదు. అద్దాలు కూడా ఎక్కడా అల లేకుండా తేటగా ఉన్నాయి, అలాంటి ఫ్లోట్ గాజు 1950ల తరువాతి సరుకు. నేను ఇవన్నీ గొంతు పెంచకుండానే చెప్పాను.

అతడు జవాబు చెప్పలేదు. బీరువా మీద దుప్పటి కప్పేసి, పనికుర్రాడితో "అమ్మగారికి దారి చూపించు" అన్నాడు. మరిది నా చెయ్యి పట్టుకుని, "వదినా, పోదాం పద" అన్నాడు గానీ, నేను గుమ్మం దగ్గర ఆగి, ఈ బీరువా నూరేళ్ళు దాటినదని బిల్లు మీద చెక్క పేరుతో, సంవత్సరంతో రాసి ఇవ్వగలరా అని ఆ భువనేశ్వర్ వాళ్ళు వినేలా అడిగాను. రాయడానికి అతడి చెయ్యి రాలేదు. వాళ్ళు విన్నారో లేదో తెలియదు, బయటికి వచ్చాక వెనుక మళ్ళీ నవ్వు వినిపించింది.

పాత సామాన్లు కొనేవాళ్ళు ఒక చట్టం సంగతి తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని కళాత్మక, పనితనపు వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, వాటిని దేశం దాటించడానికి సొంత ఇష్టం చాలదు. నోటితో నూరేళ్ళు అనేవాళ్ళు కాగితం మీద మాత్రం "పాత బీరువా" అని ఎందుకు రాస్తారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అరవై, డెబ్బై ఏళ్ళ బీరువా అని నిజం చెబితే నేను ఆనందంగా కొని ఉండేదాన్ని.

చివరికి దొరికింది పాతపట్నం దగ్గరి ఒక ఊళ్ళో, ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్న కుటుంబం దగ్గర. ఆ ఇంటి పెద్దావిడ వయసు గురించి ఒక్క గొప్పా చెప్పలేదు. "మా అత్తగారి పెళ్ళినాటిదమ్మా, అంతకంటే నాకు తెలీదు" అంది, సొరుగులు తానే లాగి నేల మీద బోర్లించింది. బందులకు మైనస్ గాడి స్క్రూలు, అద్దాల్లోంచి చూస్తే వాకిట్లో కొబ్బరిచెట్టు కొద్దిగా వంకరగా కనిపించింది. వెనుక పలక కింద అంగుళం మేర నీటి మరక ఉంది కానీ కాళ్ళు గట్టిగా ఉన్నాయి. ఒక మూల పురుగు రంధ్రాలు కనిపించాయి. కింద నల్ల కాగితం పరిచి ఉంచమని అడిగి, మళ్ళీ వెళ్ళినప్పుడు దాని మీద కొత్త పొడి రాలకపోతేనే ధర మాట్లాడాను. లేత రంగు పొడి రాలుతుంటే పురుగు లోపల ఇంకా పని చేస్తోందని అర్థం. ధర దగ్గర ఇద్దరం కొంచెం కొంచెం తగ్గాం. సామాను బండి సాయంత్రానికి మా గుమ్మంలో దింపింది.

పాలిష్ దగ్గర మళ్ళీ ఒక మొండివాడు తగిలాడు. యంత్రంతో మొత్తం గీకేసి మెలమైన్ అనే గట్టి రసాయన పూత కొడితే అద్దంలా మెరుస్తుందని పట్టుబట్టాడు. దూదిని స్పిరిట్‌లో ముంచి వెనుక మూల రుద్ది చూపించాను, పై పొర మెత్తబడి అంటుకుంది. అది లక్క పాలిష్ అన్నమాట. దాన్ని తుడిచి, స్పిరిట్‌లో కరిగించిన లక్కతోనే పలుచగా పూతలు వేయించాను, ఏళ్ళుగా చెక్కకు వచ్చిన రంగు పోలేదు. లోపలి అరలకు ఎవరో ఎప్పుడో ఆకుపచ్చ రంగు వేశారు. ఇళ్ళకు వేసే రంగుల్లో విషమైన సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నియమం అమలయింది 2017 నవంబరు నుంచే కాబట్టి, పాత రంగును పొడిగా గీకనివ్వలేదు. తడిపి, రేకుతో తీయించి, ఆ చెత్తను విడిగా పారవేయించాను. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఈ విషయంలో మేస్త్రీ మాట అసలు వినవద్దు.

పై అరల్లో పుస్తకాలు పెట్టేముందు, మనవలు తలుపు పట్టుకుని వేలాడినా ముందుకు ఒరగకుండా బీరువా పైభాగాన్ని రెండు ఇనుప పట్టీలతో గోడకు బిగించాం. బరువైన నిఘంటువులు కింది అరకు పోయాయి. సొరుగు తాళం ఇంకా పని చేయడం లేదు. మార్చి కొత్తది వేస్తానన్న వడ్రంగిని వద్దని, దాన్ని విప్పి తీయించి ఉంచాను. దానికి తాళంచెవి చేసే మనిషి కోసం వెతుకుతున్నాను, బరంపురంలో ఉన్నాడంటున్నారు.