నేపుల్స్‌లో స్పగెట్టీ అట్టు

ఇటలీలో పొద్దున తిండి గురించి నాకు చెప్పలేనంత చిరాకు వచ్చింది. బార్ కౌంటర్ దగ్గర నిలబడి గుక్కెడు ఎస్ప్రెస్సో, క్రీమ్ కూరిన ఒక కోర్నెట్టో (నెలవంక ఆకారంలో ఉండే తీపి బన్ను), అంతే టిఫిన్. అదే కాఫీ కుర్చీలో కూర్చుని తాగితే టూరిస్టు వీధుల్లో రేటు ఇంకా ఎక్కువ. పొద్దున్నే ఉప్పూ కారం తగలకపోతే మనకు తిన్నట్టే ఉండదు కదా. రోమ్, ఫ్లోరెన్స్ అంతా సగం ఆకలితోనే చూశాను.

నేపుల్స్‌లో సానితా పేటలో ఒక ఇంట్లో గది తీసుకున్నాం. అగ్నిపర్వతం బూడిదలో కప్పడిపోయిన పాతకాలపు పట్టణం పాంపేయికి బయల్దేరే రోజు ఇంటావిడ మాకు మధ్యాహ్నానికి ఏదో కట్టిస్తానంది. రాత్రి మిగిలిన టమాటా స్పగెట్టీ ఫ్రిజ్‌లోంచి తీసింది. ముద్ద కట్టిపోయి ఉంది. గుడ్లు కొట్టి, తురిమిన పెకొరీనో (గొర్రెపాల చీజ్), దండిగా మిరియాల పొడి వేసి గిలక్కొట్టి, ఆ పాస్తాను చేత్తోనే విడదీసి అందులో కలిపింది. మందపాటి ఇనప పెనంలో నూనె కాగాక సగం పరిచి, పొగ వాసన వేసే ప్రోవోలా చీజ్ ముక్కలు పెట్టి, పైన మిగతా సగం వేసింది. మంట బాగా తగ్గించేసింది. కదపలేదు, గరిటె పెట్టలేదు. అంచులు ఎర్రబడ్డాక పెనాన్ని ఊపి చూసింది. అట్టు మొత్తం ఒక్కటిగా జరిగింది. అప్పుడు పెనం మీద ప్లేటు బోర్లించి, ఒక్కసారిగా తిప్పి, రెండో వైపు కాలేందుకు మళ్లీ పెనంలోకి జార్చింది.

మా అమ్మ చద్దన్నానికి పొద్దున్నే పోపు పెట్టేది. ఆ వాసనకు ఎలా లేచి కూర్చునేవాణ్ణో ఇక్కడా అలాగే అయింది. ఇప్పుడే ఒక ముక్క పెట్టమన్నాను. పొద్దున్నే గుడ్లా అని ఆశ్చర్యపోయింది. ఈ అట్టు పేరు ఫ్రిట్టాటా ది మక్కెరోనీ. వాళ్లకు అది బీచ్‌కో, ఈస్టర్ మర్నాటి పిక్నిక్‌కో చల్లారబెట్టి పట్టుకెళ్లేదట. అయినా కోసి పెట్టింది. పైన కరకర, లోపల మెత్తన, మధ్యలో చీజ్ సాగుతోంది. ఆ దేశంలో అడుగుపెట్టాక కడుపు నిండిన మొదటి పొద్దు అదే.

పాంపేయి గురించి అందరూ రాశారు, నేను రాయను. ఎండలో గంటలకొద్దీ తిరిగినా ఆకలి మాత్రం వేయలేదు.

ఆ తర్వాత సోరెంటోలో మా గదికి వంటిల్లు ఉంది. పొద్దున ఆ అట్టు వేసుకోడానికి రాత్రి పాస్తా కావాలనే ఎక్కువ ఉడకబెట్టాను. పావుకిలో పాస్తాకు నాలుగు గుడ్లు సరిపోతాయి. మంట పెంచితే అడుగు మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది, అక్కడే ఓపిక పట్టాలి. చల్లారాక ముక్కలు చక్కగా తెగుతాయని ఆవిడ చెప్పింది. నాకు మాత్రం వేడివేడిగానే కావాలి.